సొంత పేరా, ఎల్ఎల్‌పీనా?

అనంతపురం హాస్టల్లో ఇద్దరు స్నేహితులు చెనిక్కాయ చిక్కీ అమ్మాలనుకున్నారనుకోండి. ఒకరి పేరున ప్రొప్రైటర్‌షిప్ పెడితే తతంగం తక్కువ: చిన్న వ్యాపారాలకు ప్రభుత్వమిచ్చే ఉద్యమ్ నమోదు ఆధార్‌తో ఉచితం. తినే సరుకు కాబట్టి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదు ఎటూ తప్పదు. చిక్కల్లా అప్పుతోనే. నష్టమొస్తే ఆ ఒక్కరి సొంత ఆస్తికే చుట్టుకుంటుంది. రెండోవాడు తెల్లార్లూ బెల్లం పాకం పట్టినా కాగితం మీద ఎవరూ కాడు. గొడవలన్నీ ఇక్కడే!

2008 చట్టం తెచ్చిన ఎల్ఎల్‌పీకి, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్యానికి, ఇద్దరు చాలు. వాటాలు ఒప్పందంలో ఉంటాయి, బాధ్యత మామూలుగా పెట్టుబడి వరకే. కొత్త సంస్థలకు కేంద్రమిచ్చే స్టార్టప్ ఇండియా గుర్తింపుకు ఇది పనికొస్తుంది, ప్రొప్రైటర్‌షిప్ పనికిరాదు. కానీ ఒక్క ప్యాకెట్ అమ్ముడుపోకపోయినా ఏటా మే 30లోగా ఫారం 11 (వార్షిక రిటర్ను), అక్టోబరు 30లోగా ఫారం 8 (లెక్కల పత్రం) వేయాల్సిందే. మరిచారా, లేటు ఫీజు లాభాన్ని మింగేస్తుంది.

నన్నడిగితే ముందు ఒకరి పేరునే. సప్తగిరి సర్కిల్ కొట్లవాళ్లు రెండోసారి సరుకడిగితే అప్పుడు ఎల్ఎల్‌పీ.