ఎస్పీ రోడ్డులో విమానానికి టూల్ కిట్

బెంగళూరు జక్కూరు ఎయిర్‌ఫీల్డులో పెట్టిన మా బావ చిన్న విమానం సెస్నా 172కి, ఊరు దాటినప్పుడు వెంట ఉండేలా చిన్న టూల్ కిట్ కావాలని అక్కడి ఎస్పీ రోడ్డులో ఓ పాత పనిముట్ల షాపుకెళ్లాం. స్పానర్లు అనగానే షాపతను మిల్లీమీటర్ల సెట్ తీశాడు, అది కారుకి సరే గానీ దీనికి దాదాపు అన్నీ అంగుళాల సైజులే కదా! గంట వెతికి, అటక మీంచి దుమ్ము దులిపి 7/8 అంగుళం డీప్ సాకెట్ (లోతుగా ఉండే గొట్టం స్పానర్) దింపాడు, స్పార్క్ ప్లగ్గులకి అదే కావాలి. నాణ్యత బాగుంది, బేరం ఆడనివ్వలేదు. బోల్టులు వదులవకుండా కట్టే సేఫ్టీ వైరు మాత్రం వద్దన్నాడు బావ, అది సర్టిఫికెట్ ఉన్న విమాన సరుకే అయ్యుండాలట. వాళ్లు అంటగట్టబోయిన ఇనప పెట్టె కూడా వదిలేసి గుడ్డ సంచీ తీసుకున్నాం, పైకెళ్లేదానికి ప్రతి కిలో లెక్కే. అక్కడే కొన్న టార్చి రెండో రోజే పాడైంది, మార్చమంటే మొహం చిట్లించాడు.