చిల్లుల కాగితాల వెంట: బ్రెంట్‌ఫర్డ్, ఉట్రెక్ట్

మాంచెస్టర్‌లో మేముండే ఇంటికి ఒక పాత పియానోలా, అంటే చిల్లుల కాగితపు చుట్టను బట్టి తనంతట తానే మోగే పియానో, వచ్చి చేరిన తరువాత, దానికి సరిపడే కాగితపు రోల్స్‌ను గుర్తుపట్టడం నేర్చుకోవాలని నేను ముందు లండన్‌కు, అక్కడి నుంచి రైళ్లలో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌కు వెళ్లాను. సేకరణకు అక్కరకొచ్చింది మొదటిదే.

లండన్ పశ్చిమ శివారు బ్రెంట్‌ఫర్డ్‌లో ఫ్రాంక్ హాలండ్ 1963లో స్థాపించిన మ్యూజికల్ మ్యూజియం ఉంది. క్యూ బ్రిడ్జ్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లవచ్చు. అయితే రోజూ తెరవరు కనుక, తెరిచే రోజులు చూసుకున్నాకే టికెట్లు కొనుక్కోవాలి. ధర్మవరంలో జకార్డు మగ్గం మీది చిల్లుల అట్టలను చూసినవారికి ఈ రోల్ కొత్తగా అనిపించదు: అక్కడ చిల్లు దారాన్ని లేపితే, ఇక్కడ అది ఇత్తడి పట్టీలోకి గాలిని వదిలి స్వరాన్ని మోగిస్తుంది. 65 స్వరాల పాత రోల్‌లో చిల్లుల వరుసలు అంగుళానికి ఆరు, 1908లో అమెరికాలోని బఫెలోలో తయారీదారులు ఒప్పుకున్న 88 స్వరాల రోల్‌లో తొమ్మిది. కాగితం వెడల్పు మాత్రం రెండింటికీ 11¼ అంగుళాలే కావడంతో పెట్టెను చూసి మోసపోవడం సులువు. అందుకే నేను ముందుగా కండెను చూస్తాను, రెండు చివరలా ములుకులు పొడుచుకు వచ్చి ఉంటే అది సాధారణంగా 65 స్వరాలదే. జర్మనీకి చెందిన వెల్టే సంస్థ ఎర్ర కాగితపు రోల్స్ ఇంకా వెడల్పు, దాదాపు 12⅞ అంగుళాలు. అవి మామూలు పియానోలాలో పట్టనే పట్టవు. రోల్ మొదట్లో ‘టెంపో 70’ అని ఉంటే కాగితం నిమిషానికి ఏడడుగులు కదలాలని అర్థం.

బస చేసిన చిన్న హోటల్ గురించి చెప్పుకోదగ్గది లేదు. రోడ్డు చప్పుడు ఎక్కువ, అద్దె తక్కువ.

ఉట్రెక్ట్‌లోని స్పీల్‌క్లాక్ మ్యూజియం మధ్యయుగాల నాటి బూర్కెర్క్ చర్చిలో ఉంది. వీధి ఆర్గన్లను, గడియారాలను మోగిస్తూ చూపే అక్కడి పర్యటన పిల్లలున్న కుటుంబాలకు బ్రెంట్‌ఫర్డ్ కన్నా మంచి అనుభవమే కానీ, అది సంగీత యంత్రాల చరిత్ర చెప్పేది తప్ప, రోల్ కొనేవారికి పాఠం కాదు.

తిరుగు ప్రయాణంలో ఒక పాత సామాన్ల అంగట్లో, 88 స్వరాలవని రాసి ఉన్న ఆరు రోల్స్‌ను రైలు వేళ మించుతోందన్న తొందరలో పెట్టెలు తెరవకుండానే కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే ఆరింటికీ ములుకులున్నాయి. వెనక్కి తీసుకోమని రాస్తే ఆ అంగడివారు ఒప్పుకోలేదు.