మత్తు డాక్టరుకు ఎండీ, డీఎన్‌బీ, డీఏ: ఏది మేలు?

ఆపరేషన్ అనగానే సర్జన్ ఎలాంటివారని పది మందిని విచారించే కుటుంబాలు, మత్తు ఇచ్చేది ఎవరని మాత్రం సాధారణంగా అడగవు. కత్తి సర్జన్ చేతిలో ఉన్నా, ఆపరేషన్ సాగినంతసేపూ రోగి ఊపిరినీ రక్తపోటునూ కనిపెట్టుకొని ఉండేది మత్తు డాక్టరే కనుక, ఆ పేరు పక్కనున్న అక్షరాల వెనుక ఏ చదువు ఉందో తెలుసుకోవడం చాలా అవసరమని నేను నమ్ముతాను.

మన దేశంలో ఎంబీబీఎస్ తరువాత అనస్థీషియాలోకి, అంటే మత్తు వైద్యంలోకి, వెళ్లే దారులు ముఖ్యంగా మూడు. ఎండీకి 3 ఏళ్లు, డీఎన్‌బీకి 3 ఏళ్లు, డీఏ అనే డిప్లొమాకు 2 ఏళ్లు పడుతుంది. ఎండీకైనా డీఎన్‌బీకైనా థీసిస్ తప్పనిసరి. ఎండీ విద్యార్థి వైద్య కళాశాలలో చదివి విశ్వవిద్యాలయం పెట్టే పరీక్ష రాస్తే, డీఎన్‌బీ విద్యార్థి గుర్తింపు పొందిన ఆసుపత్రిలో శిక్షణ పొంది, జాతీయ పరీక్షల బోర్డు దేశమంతటికీ కలిపి నిర్వహించే పరీక్ష రాస్తారు.

ఈ రెండింటిలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనడం నాకు సమ్మతం కాదు. రద్దీగా ఉండే బోధనాసుపత్రిలో ఎండీ చేసినవారు, అర్ధరాత్రి వచ్చే ప్రమాద కేసులకూ అత్యవసర సిజేరియన్లకూ తామే మత్తు ఇచ్చి ఇచ్చి చేయి తిరిగినవారై ఉంటారు. పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో డీఎన్‌బీ చేసినవారికి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ నరానికి మందు ఇచ్చే పద్ధతులు, అవయవ మార్పిడి వంటి క్లిష్టమైన ఆపరేషన్లు దగ్గరగా చూసే అవకాశం ఎక్కువ. అయితే అక్కడ చాలా పని సీనియర్లే చేస్తే, విద్యార్థి చేతికి వచ్చే కేసులు తగ్గుతాయి. అందువల్ల డిగ్రీ పేరు కన్నా శిక్షణ పొందిన చోటు ఎక్కువ చెబుతుంది.

డీఏను చిన్నచూపు చూడటం మాత్రం అన్యాయం. హెర్నియా, సిజేరియన్ వంటి ఆపరేషన్లకు, ఇరవై ఏళ్లుగా రోజూ వెన్నులో మత్తు ఇస్తున్న డీఏ డాక్టరునూ నిన్న ఎండీ పూర్తిచేసినవారినీ పక్కపక్కన నిలబెడితే, నేను మొదటివారినే ఎంచుకుంటాను. గుండె ఆపరేషన్‌కూ, నెలలు నిండని పసికందుకూ ఈ లెక్క పనికిరాదు. అక్కడ ఎండీ లేదా డీఎన్‌బీ తరువాత మరో 3 ఏళ్లు చదివే డీఎం కార్డియాక్ అనస్థీషియా, లేదా పిల్లల అనస్థీషియాలో ప్రత్యేక శిక్షణ ఉన్నవారిదే పైచేయి. ఫెలోషిప్ అని రాసుంటే అది ఎన్ని నెలలదో అడగాలి, ఎందుకంటే కొద్ది వారాల కోర్సుకూ ఏడాది శిక్షణకూ అదే మాట వాడుతుంటారు.

పీజీ డిగ్రీ రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో నమోదై ఉందో లేదో చూసుకోవడం కూడా అవసరమే. ఆ తరువాత మిగిలేది ఆపరేషన్‌కు ముందు జరిగే మత్తు పరీక్ష. మంచి డాక్టరు నోరు తెరవమని, మూడు వేళ్లు పట్టేంత తెరుచుకుంటుందో లేదో చూస్తారు, మెడ వెనక్కు వాల్చమంటారు, కదిలే పళ్లున్నాయా అని అడుగుతారు, ఇంతకుముందు మత్తు తీసుకున్నప్పుడు ఏమైనా ఇబ్బంది వచ్చిందా అని కూర్చొని వింటారు. ఆపరేషన్ అయ్యేదాకా థియేటర్లో మీరే ఉంటారా అని అప్పుడే అడగండి.