ఆర్‌టీఎక్స్ స్టిక్కర్ చూసి డబ్బు కట్టేయకండి, వాట్లు అడగండి

గేమింగ్ ల్యాప్‌టాప్ కొందామని శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో అడిగినా, విజయనగరం గంటస్తంభం దగ్గర అడిగినా కొట్టువాడు చెప్పేది ఒకటే: "ఏటి బావూ, ఆర్‌టీఎక్స్ ఉంది కదా, ఏ గేమైనా ఆడీసుకోవచ్చు." ఆర్‌టీఎక్స్ అంటే ఎన్‌విడియా కంపెనీ గ్రాఫిక్స్ చిప్, ఆ స్టిక్కర్ నిజమే. ఆ మోడల్‌లో గ్రాఫిక్స్ చిప్‌కి ఎన్ని వాట్లు అందుతాయో మాత్రం అడిగేదాకా చెప్పరు.

ల్యాప్‌టాప్‌లో వచ్చే ఆర్‌టీఎక్స్ 4050ని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా కంపెనీ తనకు తోచినట్టు పెట్టుకోవచ్చు. దాని పై మోడల్ 4060 కూడా అంతే. పల్చటి బాడీలో వేడి పోయే దారుండదు కాబట్టి వాట్లు కోసేస్తారు. అలా 45 వాట్లకు కట్టేసిన 4060 కంటే పూర్తి వాట్ల 4050 నయం. పేరు చూసి పది, పదిహేను వేలు ఎక్కువ పెట్టినవాళ్లు మునిగేది ఇక్కడే.

కొట్లోనే పట్టుకోవడానికి సులువైన దారి ఛార్జర్ ఇటుక. తిప్పి కింద లేబుల్ మీద అవుట్‌పుట్ వరస చూడండి. వోల్టుల్ని ఆంప్స్‌తో గుణించండి. 20 వోల్టులు, 6 ఆంప్స్ అని ఉంటే 120 వాట్లు. ప్రాసెసర్‌కి 45, స్క్రీను, ఫ్యాన్లు, మిగతావాటికి ఓ 15, 20 తీసేస్తే గ్రాఫిక్స్‌కి మిగిలేది 60 లోపే. 20 వోల్టులు, 11.5 ఆంప్స్ అంటే 230 వాట్లు, అప్పుడు 115 వాట్ల మాట నమ్మొచ్చు. తర్వాత ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అన్న గడి చూస్తే లెక్క తేలిపోతుంది.

మెమరీ దగ్గర ఇంకో గారడీ ఉంది. "12 జీబీ గ్రాఫిక్స్" అంటారు. టాస్క్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ (జీపీయూ) పేజీ తెరిస్తే డెడికేటెడ్, అంటే చిప్‌కి సొంతంగా ఉన్నది 4 జీబీ, షేర్డ్ దాదాపు 8 జీబీ అని కనిపిస్తుంది. ఆ 8 మీ ర్యామ్‌లో సగం, విండోస్ దాన్ని అలా లెక్క చూపిస్తుందంతే. అసలు సరుకు 4. కొత్త గేముల్లో టెక్స్చర్లు (బొమ్మల మీద పైపూత వివరాలు) పెంచితే అది ఇట్టే నిండిపోతుంది, ఆపైన బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. అక్కడే మెమరీ పేజీలో స్లాట్స్ యూజ్డ్ అన్నచోట 2కి 1 అని ఉంటే ర్యామ్ ఒకే కర్ర. 16 జీబీ ఒక్కటిగా కాక 8, 8గా రెండు వేయించుకోండి.

అయిదు నిమిషాల డెమో దేనికీ పనికిరాదు. ఏసీ షోరూమ్‌లో ఏ ల్యాప్‌టాప్ అయినా మొదట బాగానే పరిగెడుతుంది. ఛార్జర్ పెట్టించి (బ్యాటరీ మీద గ్రాఫిక్స్ ఎలాగూ సగం చచ్చిపోతుంది), పెర్ఫార్మెన్స్ మోడ్‌లో ఏదైనా బరువైన గేమ్ 20 నిమిషాలు ఆడించండి. ఎన్‌విడియా యాప్ ఉంటే ఆల్ట్, ఆర్ కలిపి నొక్కితే సెకనుకి ఎన్ని ఫ్రేమ్‌లు (బొమ్మలు) వస్తున్నాయో, వేడి, వాట్లు తెర మూల కనిపిస్తాయి. మొదట 90 వాట్లున్నది పావుగంటకు 60కి జారిందంటే వేడి తట్టుకోలేక తగ్గించుకుంటున్నట్టే. ఆ లెక్కన మే నెలలో మనిళ్లలో దాని గతేంటో ఊహించుకోండి.

డబ్బు కట్టేముందు సీరియల్ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పుడు మొదలైందో చూడండి. నెలల కిందటే మొదలై ఉంటే అది డెమో పీసు కావొచ్చు. బిల్లు మీద "గేమింగ్ ల్యాప్‌టాప్" అని కాకుండా పూర్తి మోడల్ నంబరు, సీరియల్ రాయించండి. వాట్లు, గ్రాఫిక్స్ మెమరీ గురించి కొట్టువాడు చెప్పింది వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి.

ఇప్పటికే మోసపోయి ఉంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు 2 ఏళ్లు. విశాఖలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. బిల్లు, ఆ వాట్సాప్ మాటలు, ఛార్జర్ లేబుల్ ఫోటో, కంట్రోల్ ప్యానెల్ స్క్రీన్‌షాట్ జత చేయండి.