ఇండోనేషియన్ నేర్పే కొలువు: విదేశీ పోస్టింగా, యూనివర్సిటీ సెంటరా, ఆన్‌లైనా?

విదేశీయులకు ఇండోనేషియన్ భాష నేర్పడాన్ని ఇండోనేషియాలో ‘బీపా’ అంటారు. 2023 నవంబరులో యునెస్కో సర్వసభ్య సమావేశం ఆ భాషను తన 10వ అధికార భాషగా గుర్తించింది. అక్కడి భాషా విభాగాల విద్యార్థులు అడిగేది మాత్రం ఒకటే: డిగ్రీ చేతికొచ్చాక ఎటు పోవాలి?

ఎక్కువమంది కన్ను ప్రభుత్వ భాషా సంస్థ ‘బదాన్ బహాసా’ ఇచ్చే విదేశీ పోస్టింగుల మీదే. హోదా ఉంది, దేశం చూడొచ్చు. కానీ అది గడువున్న పని, పైగా ఎంపికలో బోధనానుభవం చూస్తారు. ఆ అనుభవం దొరికేది యూనివర్సిటీల బీపా సెంటర్లలో.

నా లెక్కలో తేల్చే విషయం ఒక్కటే: మీరు పాఠం చెబుతుంటే వెనక బెంచీలో సీనియర్ కూర్చుని చూస్తారా, లేదా? డిగ్రీలో నేర్పేది ఇండోనేషియన్ వచ్చిన బడిపిల్లలకు పాఠం చెప్పడం. విదేశీయుడి తిప్పలు వేరు. ‘మెన్యాపు’ (ఊడ్చు) అని చదివి నిఘంటువులో ‘మ’ దగ్గర వెతుకుతాడు. అదేమో ‘సాపు’ కింద ఉంటుంది. ముందు ‘మె’ చేరగానే ప, త, క, స లతో మొదలయ్యే ధాతువుల తొలి హల్లు సాధారణంగా ఎగిరిపోతుంది: పుకుల్ (కొట్టు)–మెముకుల్, తులిస్ (రాయి)–మెనులిస్. ‘ఎందుకలా?’ అని అడిగితే కొత్త టీచరు ‘మేమలాగే అంటాం’ అంటారు, లేదా పట్టిక మొత్తం బోర్డుకెక్కిస్తారు. రెండూ పనిచేయవు. ఒక గంటకు ‘ప’తో ఐదు, ‘బ’తో ఐదు మాటలు చాలు, ‘బాచా’ (చదువు) మెంబాచా అయినా ‘బ’ నిలవడం వాళ్లే పట్టుకుంటారు. ఇలాంటివి పక్కనుండి చెప్పేవాళ్లు లేకపోతే ఏళ్లు గడిచినా రావు. (‘కామి’, ‘కితా’ తేడా మాత్రం తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు, అచ్చం మేము, మనం. ఇంగ్లీషువాళ్లకే తంటా.)

విదేశీ విద్యార్థులకు ఇండోనేషియా ప్రభుత్వమిచ్చే ధర్మసిస్వా స్కాలర్‌షిప్పు మీద వచ్చే రకరకాల దేశాలవాళ్లు ఒకే తరగతిలో ఉండే సెంటరైతే మరీ మేలు. జపాన్ విద్యార్థి, ఈజిప్టు విద్యార్థి ఒకే తప్పు చేయరు.

ఆన్‌లైన్ సంగతి: ప్లాట్‌ఫారం కమీషను, వేళల తేడా, నాలుగు వారాలకే మానేసే విద్యార్థులు. తప్పు చెబితే దిద్దేవాళ్లుండరు. ఆస్ట్రేలియా బడుల్లో టీచరు కొలువంటే అక్కడి రాష్ట్ర రిజిస్ట్రేషను కావాలి, అది వేరే దారి.

సెంటర్లో చేరేముందు మూడడగండి: జీతం గంటకా, నెలకా? బీపా కోర్సులకు ప్రభుత్వం పెట్టిన 2017 ప్రమాణాల్లోని 7 స్థాయిల్లో మీకిచ్చేవేవి? మొదటి సెమిస్టరులో మీ క్లాసు చూసేదెవరు? గంటల లెక్కనైతే సెలవుల్లో చేతికేమీ రాదు. ఆన్‌లైన్ విద్యార్థులు ఇద్దరు ముగ్గురుంటే అప్పుడు అక్కరకొస్తారు.