గట్టు మీద బీన్ బ్యాగ్: నాలుగు చలికాలాల వాడకం

ఒడిశాలోని గంజాం జిల్లా భేట్నొయి పొలాల్లో కృష్ణజింకలను ఫోటో తీయడానికి నేను నాలుగు చలికాలాలుగా ఒక కాన్వాస్ బీన్ బ్యాగ్, అంటే లెన్సును ఆన్చడానికి గింజలు నింపిన సంచి, వాడుతున్నాను. దూరపు జంతువులను దగ్గరగా చూపే 150–600 మి.మీ. లెన్సు సంగతి అందరికీ తెలిసిందే; దానిని నేలకు జానెడు ఎత్తులో కదలనీయకుండా మోసే ఈ సంచి మీదే నాకు మమకారం.

ఇక్కడి రైతులు చేలో మేస్తున్న జింకలను తరమరు. అవి తిరిగే ఊరికి మేలు జరుగుతుందని వారి నమ్మకం. అందుకే వాటికి మనుషులు కొత్త కాదు, కానీ ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) విప్పుతూ నిలబడిన నన్ను చూస్తే మాత్రం ఎప్పుడూ దూరం జరిగేవి. రెండో ఏడాది జనవరిలో, వరి కోసిన మడి గట్టు మీద సంచి వేసి బోర్లా పడుకున్నాను. మంచు విడుతుండగా ఒక ఇర్రి (మగ జింక) మూతి పైకెత్తి, మెలితిరిగిన కొమ్ములు వీపుకు ఆన్చి, తోక మడిచి, లేడి వెంట నా వైపే నడిచి వచ్చింది. అది ఒక్క క్షణం ఆగినప్పుడు, నల్లని ముఖంలో కంటి చుట్టూ ఉన్న తెల్లని వలయం మీద ఫోకస్ కుదిరింది. ఇంత పెద్ద లెన్సుకు నెమ్మదే అయిన సెకనులో 125వ వంతు షట్టరుతో తీసినా చెవి అంచు వెంట్రుకలు విడివిడిగా వచ్చాయి, ముందున్న వరి కొయ్యకాళ్లు పలచని పొగలా కరిగిపోయాయి.

ఇక ట్రైపాడ్ అక్కరలేదని అప్పట్లో మిత్రులకు చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. పెసర చేను ఎదిగాక నేల మట్టం నుంచి కొమ్ములే కనిపిస్తాయి. ఎండ ఎక్కితే వేడెక్కిన నేలను ఆనుకున్న గాలి అలలుగా కదిలి బొమ్మను మెత్తబరుస్తుంది, కెమెరా ఎంత కిందికి దిగితే ఆ బాధ అంత ఎక్కువ. ఇది తెలియక లెన్సునే అనుమానించి మరమ్మతుకు పంపాను. ఏ దోషమూ లేదని తిరిగి వచ్చింది.

సంచిలో మొదట పోసిన బియ్యం మంచుకు తడిసి ముక్కిపోయాయి, ఇప్పుడు ఉలవలు పోస్తున్నాను. జిప్పు మొదటి ఏడాదే తెగింది. దాని స్థానంలో కుట్టించిన వెల్క్రో చప్పుడుకు మంద బెదరడంతో చివరికి నాడాలు పెట్టించాను.

నేను బరంపురంలో ఉంటాను కనుక తెల్లవారకముందే బయలుదేరి, మబ్బు పట్టిన రోజును ఎంచుకోగలను. నేల మీద గంటసేపు పడుకోవడానికి ఒళ్లు కూడా ఇంకా సహకరిస్తోంది. శ్రీకాకుళం వైపు నుంచి ఒక్కరోజు కోసం వచ్చి, పది గంటలకు పొలం చేరేవారికి మాత్రం ట్రైపాడే తెచ్చుకోమని చెబుతాను.