రెండు ఎండాకాలాలు వాడాక: రైజెన్ 5 7600, ఆర్‌టీఎక్స్ 4060 జోడీ తూకం ఎలా ఉంది

ఆటల కోసం పెట్టుకున్న ఈ కంప్యూటర్‌లో ఉన్నవి ఇవి. రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 మైక్రో ఏటీఎక్స్ మదర్‌బోర్డు, 16 జీబీ స్టిక్కులు రెండుగా 32 జీబీ డీడీఆర్5 ర్యామ్ (6000 స్పీడు, సీఎల్30), 8 జీబీ ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ జెన్4 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 650 వాట్ల గోల్డ్ ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె), ముందు జాలీ ఉన్న క్యాబినెట్, మూడు ఫ్యాన్లు. అన్నీ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లో కొన్నవే. రోజుకు మూడు నాలుగు గంటల ఆట, మధ్యలో కాస్త వీడియో ఎడిటింగ్.

ముందే ఒక మాట. ప్రాసెసర్‌కూ కార్డుకూ జోడీ కుదిరిందా అని అందరూ అడుగుతారు. ఆ రెండింటినే పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు దొరకదు. ఎదురుగా ఉన్న మానిటర్ ఏది, గది ఎంత కాగుతుంది, గోడ సాకెట్‌లోకి వచ్చే కరెంటు ఎలాంటిది, ఇవి తెలిస్తేనే తూకం తేలుతుంది.

మొదటి ఏడాది 24 అంగుళాల 1080పీ, 165 హెర్ట్జ్ మానిటర్ ఉండేది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి ఆటల్లో కార్డు వాడకం 60, 70 శాతం దగ్గరే ఆగిపోయేది, అంటే ప్రాసెసర్ ఎప్పుడు పని ఇస్తుందా అని కార్డు ఎదురుచూస్తోందన్న మాట. సైబర్‌పంక్ 2077 పెడితే అదే కార్డు 98 శాతం. తర్వాత 27 అంగుళాల 1440పీ మానిటర్ వచ్చింది. క్యాబినెట్ లోపల ఒక్క స్క్రూ కూడా విప్పలేదు, అయినా తూకం మారిపోయింది. 1080పీలో తెర మీద 20.7 లక్షల పిక్సెళ్లు, 1440పీలో 36.9 లక్షలు. ప్రతి ఫ్రేముకూ (తెర మీద పడే ఒక్కో బొమ్మకూ) 78 శాతం ఎక్కువ పిక్సెళ్లు, ఆ భారమంతా కార్డు మీదే. ప్రాసెసర్‌కు మాత్రం మునుపటి పనే. అందుకే మానిటర్ సంగతి అడగకుండా "ఈ జోడీకి 12 శాతం బాటిల్‌నెక్" (ఒకటి ఇంకోదాన్ని ఆపేయడం) అని చెప్పే ఆన్‌లైన్ లెక్కలు నమ్మొద్దు.

ఎవరి మెషీన్‌లో ఎవరు వెనకబడ్డారో ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతోపాటు వచ్చే రివాట్యూనర్ వేసుకుని కార్డు వాడకం, కార్డు మెమరీ, ప్రాసెసర్‌లో ఒక్కో థ్రెడ్ (ఒకేసారి ఒక పని నడిచే దారి) వాడకం తెర మీద కనిపించేలా పెట్టండి. ఫ్రేముల వేగాన్ని మానిటర్‌కు కట్టేసే వీసింక్, ఫ్రేమ్ లిమిట్ తీసేయండి. కార్డు 95 శాతం దాటి ఉంటే హద్దు కార్డుదే. కార్డు 70 దగ్గర ఉండి ఫ్రేములు పెరగకపోతే హద్దు ప్రాసెసర్‌ది. ఇక్కడ చాలామంది పొరబడతారు. ప్రాసెసర్ మొత్తం వాడకం 45 శాతమే చూపిస్తోంది కాబట్టి ఖాళీగా ఉందనుకుంటారు. ఆటలో ముఖ్యమైన పని ఒకటి రెండు థ్రెడ్ల మీదే పడుతుంది. 12 థ్రెడ్లలో ఆ రెండూ నిండిపోతే మిగతా పదీ ఖాళీగా ఉన్నా లాభం లేదు. అనుమానం తీరకపోతే ఆటలో రిజల్యూషన్ ఒక మెట్టు తగ్గించండి. ఫ్రేములు పెరిగితే కార్డు, పెరగకపోతే ప్రాసెసర్.

8 జీబీ మెమరీ గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. 1080పీకి ఇప్పటికీ సరిపోతోంది. 1440పీలో కొత్త ఓపెన్ వరల్డ్ ఆటలకు టెక్స్‌చర్లు (వస్తువుల పైపూత బొమ్మలు) అల్ట్రాలో పెడితే చాలదు. యావరేజ్ ఫ్రేములు 60 పైనే కనిపిస్తాయి, ఆట మాత్రం వీధి మలుపు తిరిగిన ప్రతిసారీ అర క్షణం ఆగి సాగుతుంది. మెమరీ నిండి టెక్స్‌చర్లు మామూలు ర్యామ్‌లోకి వెళ్లి వస్తుండడమే కారణం. టెక్స్‌చర్ ఒక్క మెట్టు దించితే ఆ ఆగడం పోయింది, బొమ్మలో తేడా వెతికితే తప్ప కనపడలేదు. ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో అదనపు ఫ్రేములు కార్డే సృష్టించడం) ఆన్ చేస్తే అదీ కొంత మెమరీ తింటుంది కాబట్టి, ఇలాంటి చోట దాన్ని ముందు ఆపి చూడాలి. ఇంకో సంగతి. ఈ కార్డు బోర్డుతో ఎనిమిది లేన్ల (డేటా దారుల) మీదే మాట్లాడుతుంది. బీ650లో అవి పీసీఐఈ 4.0 కాబట్టి ఇబ్బంది లేదు. పాత బీ450 బోర్డులో పెడితే 3.0కి దిగి దారి సగమవుతుంది. మెమరీ నిండినప్పుడు పడే దెబ్బ అక్కడ ఇంకా గట్టిగా తగులుతుంది.

ర్యామ్‌లో చేసే తప్పులు చిన్నవే, నష్టం పెద్దది. రెండు స్టిక్కులూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండు, నాలుగు స్లాట్లలో ఉండాలి. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూలో) ర్యామ్‌ను పూర్తి స్పీడుకు తెచ్చే ఎక్స్‌పో ఆన్ చేయకపోతే 6000 అని కొన్న ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. "ఇప్పుడు రెండు, తర్వాత ఇంకో రెండు" అనే ఆలోచన ఏఎం5లో (ఈ ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో) పనికిరాదు. నాలుగు స్లాట్లూ నింపితే అధికారికంగా హామీ ఉన్న స్పీడు 3600కి పడిపోతుంది. కావలసినంతా మొదటే రెండు స్టిక్కుల్లో తీసుకోవాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగా ఉండి, బోర్డు మీద డ్రామ్ అని రాసిన చోట చిన్న లైటు వెలుగుతూ నిమిషాల తరబడి అలాగే ఉంటుంది. బోర్డు పోయిందని కంగారుపడి స్విచ్ ఆపేస్తారు, మళ్లీ వేస్తారు, అది మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ర్యామ్‌కు తగ్గ టైమింగులు బోర్డు వెతుక్కుంటున్న సమయం అది. పది నిమిషాలు ముట్టుకోకండి. బయోస్ అప్‌డేట్ చేసిన తర్వాత కూడా ఇదే జరుగుతుంది.

ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో పై అంతస్తు గది ఏసీ లేకుండా 37 డిగ్రీలకు చేరుతుంది. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపలి భాగాలూ దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతాయి. చలికాలంలో చూసిన అంకెలు ఇక్కడి మే నెలకు పనికిరావు. ప్రాసెసర్‌తో వచ్చిన రైత్ స్టెల్త్ కూలర్ జనవరిలో చక్కగా ఉంది. మేలో ఆట మధ్యలో 90కి చేరి ఫ్యాన్ హోరు హెడ్‌ఫోన్ దాటి వినిపించింది. ఈ ప్రాసెసర్ 95 డిగ్రీల వరకూ తట్టుకునేలా తయారైంది కాబట్టి ప్రమాదమేమీ లేదు, ఆ హోరు మాత్రం భరించలేం. నాలుగు హీట్‌పైపుల టవర్ కూలర్ పెట్టాక అదే గదిలో, అదే ఆటలో 74. మొత్తం ఖర్చులో అంత తక్కువ డబ్బుకు అంత ఫలితం ఇచ్చిన భాగం ఇంకోటి లేదు. స్టెల్త్ బిగించేటప్పుడు బోర్డు మీంచి తీసిన రెండు ప్లాస్టిక్ బ్రాకెట్లు పారేయకండి, టవర్ కూలర్లలో చాలావాటికి అవే కావాలి. కార్డుకైతే ఎండాకాలం మూడు నెలలూ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 85 శాతం పెట్టాం. 115 వాట్లు 98కి దిగాయి, ఫ్రేములు నాలుగైదుకు మించి తగ్గలేదు.

క్యాబినెట్ ముందు భాగం అద్దంతో మూసేసి రంగురంగుల లైట్లు పెట్టినవి షాపులో బాగా మెరుస్తాయి. గాలి ఎటు నుంచి లోపలికి వెళ్తుందో వేలితో తడిమి చూడండి. హైదరాబాద్‌కు జాలీ ముఖమే సరైనది, దాని వెనక తీసి కడుక్కునే ఫిల్టర్ తప్పనిసరి. నార్సింగి, కోకాపేట, తెల్లాపూర్ వైపు ఎక్కడ చూసినా కట్టడాలే. ఆ సిమెంటు దుమ్ముకు ఫిల్టర్ రెండు వారాల్లో బూడిదరంగు దుప్పటిలా తయారవుతుంది, కార్డు వేడి ఆరేడు డిగ్రీలు పెరుగుతుంది. కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకపోతే గాలికి అది హద్దు మీరి తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది.

అన్నిటికంటే ఎక్కువ చెప్పాల్సింది కరెంటు గురించి. చాలా కొటేషన్లలో ప్రాసెసర్, కార్డు పేర్లు పూర్తిగా ఉంటాయి, చివర్లో "650 వాట్స్ ఎస్‌ఎంపీఎస్" అని మాత్రం రాసి వదిలేస్తారు. మోడల్ నంబరుతో సహా రాసివ్వమని అడగండి. కంపెనీ పేరొక్కటే చాలదు, ఒకే కంపెనీలో మంచి సిరీస్ ఉంటుంది, నాసి సిరీస్ కూడా ఉంటుంది. వాట్ల లెక్క సులువు. కార్డు 115, ప్రాసెసర్ గరిష్ఠంగా 88, మిగతావన్నీ కలిపి 50, 60. మొత్తం 260 దగ్గర. 550 చాలు. 650 తీసుకున్నది రాబోయే కార్డు కోసం. మొదట పెట్టిన చవక యూనిట్ ఏడాది తిరక్కుండానే ఆట మధ్యలో సిస్టమ్‌ను రీస్టార్ట్ చేయడం మొదలుపెట్టింది. విండోస్ అనుకున్నాం, డ్రైవర్ అనుకున్నాం, ర్యామ్ అనుకున్నాం, రెండు వారాలు పోయాయి. లోడు ఒక్కసారిగా పెరిగినప్పుడు మాత్రమే, బ్లూ స్క్రీన్ కూడా లేకుండా ఆగిపోతుంటే మొదట ఎస్‌ఎంపీఎస్‌నే అనుమానించాలి.

యూపీఎస్ దగ్గర వీఏను వాట్లనుకోకండి. 600 వీఏ అని ఉన్నవి మామూలుగా 360 వాట్లే ఇస్తాయి. సిస్టమ్, మానిటర్ కలిస్తే 290, బ్యాటరీ కాస్త పాతబడగానే కరెంటు పోయిన క్షణంలోనే అదీ చేతులెత్తేస్తుంది. 1000 వీఏ పైన చూసుకోండి. ఇంటి ఇన్వర్టర్ మీదే నడపాలనుకుంటే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే వ్యవధిని చాలా ఎస్‌ఎంపీఎస్‌లు తట్టుకోలేవు.

అద్దె ఫ్లాట్లలో, ముఖ్యంగా పాత బిల్డింగుల్లో, మూడు పిన్నుల సాకెట్ ఉన్నా వెనక ఎర్త్ వైరు ఉండకపోవచ్చు. క్యాబినెట్ వెనక స్క్రూకు వేలి వెనక భాగం తగిలిస్తే చీమలు పాకినట్టు జివ్వుమంటుంది. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్‌లోని కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును ఇనుప బాడీకి పంపుతాయి. ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది, లేకపోతే బాడీ మీద సగం వోల్టేజీ నిలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించండి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 వోల్టుల దరిదాపు, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడుకు మించకుండా ఉండాలి. ఇది సరిచేయకుండా ఎంత మంచి స్పైక్ గార్డ్ పెట్టినా సర్జ్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ) నుంచి పూర్తిగా కాపాడలేదు.

ఎస్‌ఎస్‌డీ గురించి పెద్దగా చెప్పేది లేదు. టీఎల్‌సీ రకం (ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాచేది) తీసుకోండి, అందులో ఐదో వంతు ఖాళీగా ఉంచండి. 1 టీబీ ఆరు నెలల్లో నిండింది. బిల్లు మాత్రం జీఎస్టీతోనే తీసుకోండి, కార్డు సీరియల్ నంబరు బిల్లు మీద ఉండాలి. బిల్లు లేకుండా తగ్గించి ఇచ్చే 18 శాతం వారంటీకి వెళ్లినరోజు గుర్తొస్తుంది.

కొత్త మానిటర్ తగిలించాక రెండు చూసుకోవాలి. కేబుల్ కార్డుకే గుచ్చారా, బోర్డుకు గుచ్చారా? 7600లోనే చిన్న గ్రాఫిక్స్ ఉంది కాబట్టి బోర్డుకు గుచ్చినా తెర వెలుగుతుంది, కార్డు ఖాళీగా ఉండిపోయి ఆట నత్తనడక నడవవచ్చు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు 60 దగ్గరే ఉండిపోయిందేమో కూడా చూడాలి. అన్నట్టు, అదే చిన్న గ్రాఫిక్స్ కార్డు సర్వీసుకు వెళ్లినప్పుడు సిస్టమ్‌ను నడిపిస్తుంది. ఎఫ్ అక్షరం ఉన్న 7500ఎఫ్‌లో అది ఉండదు.

1440పీ మానిటర్‌తో ఇప్పుడు మార్చాల్సింది కార్డు ఒక్కటే, 12 లేదా 16 జీబీది. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ కదిలించక్కర్లేదు. ముందు కొలవాల్సింది క్యాబినెట్‌లో పొడవు: వెనక స్లాట్ నుంచి ముందు ఫ్యాన్ వెనక అంచు దాకా టేపు పెట్టి, కొత్త కార్డు పొడవు కంటే కనీసం 15 మిల్లీమీటర్లు ఎక్కువ ఉందో లేదో చూసుకోవాలి.